విలాయతి జోస్యము, బస్తరు నెత్తురు

1968వ సంవత్సరమున టెహ్రాను విశ్వవిద్యాలయపు వైద్యశాలలో సామ్యూల్ రాహ్‌బర్ అను శాస్త్రజ్ఞుడు, నెత్తుటికి ఎఱ్ఱదనము నిచ్చు హిమోగ్లోబిన్ అను మాంసకృత్తునందు పుట్టుకతోడి వికారము లెవరెవరి కున్నవో తెలిసికొనుటకై రోగుల రక్తమును వరుసగా పరీక్షించుచుండగా, మధుమేహులైన వారి రక్తమునందు ఒక వింత చార అదనముగా కానవచ్చెను. అది పుట్టుకతోడి వికారము కాదనియు, రక్తమున మితిమీరి సంచరించు చక్కెర హిమోగ్లోబిన్‌ను అంటుకొనుటచే నేర్పడిన గుఱుతనియు పిమ్మట తేలినది. నేడు ఏ చిన్న పట్టణమునకు పోయినను పరీక్షాశాలవారు 'మూడు నెలల షుగరు' అని చెప్పి చేతికిచ్చెడి హెచ్‌బీఏ1సీ కాగితమునకు మూలము ఆ చారయే. పుట్టువికారములను వెదకబోయిన వానికి మధుమేహపు జాడ దొరకుట శాస్త్రచరిత్రలో నొక చక్కని యాదృచ్ఛికము. ఆ పుట్టువికారములే మెండుగా గల సీమకు ఆ పరీక్షను కొనిపోయినపుడు అది తడబడుట మాత్రము యాదృచ్ఛికము కాదు. అట్టి సీమలలో ఛత్తీస్‌గఢ్ దక్షిణభాగమందలి బస్తరు ఒకటి.

ఈ ప్రస్తావన ఇప్పు డెందుకనగా, రక్తమునందలి మాంసకృత్తులను ఒకటి రెండు గాక వేలకొలదిగా ఒక్కమాఱే కొలిచి, ఎన్నో యేండ్లకు రాబోవు మధుమేహమును ఈనాడే చెప్పగలమను వార్తలు కొంతకాలముగా పత్రికల కెక్కుచున్నవి. అవి గాలివార్తలు కావు. స్వీడను దేశపు లుండ్ విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రకటించిన పరిశోధనలో, స్వీడను, ఫిన్లాండు దేశీయులు 5,000 మందికి పైగా 4 మొదలు 19 సంవత్సరముల వఱకు గమనింపబడగా, కాలేయము స్రవించు ఫోలిస్టాటిన్ అను మాంసకృత్తు ఎవరి రక్తమున అధికముగా నుండెనో వారికి ఉత్తరకాలమున మధుమేహము వచ్చు నవకాశమును అధికమేనని తేలినది. ఆ మాంసకృత్తు ఒంటిలో నిలువయున్న కొవ్వును కరగించి రక్తములోనికి వదలించుననియు, అట్లు వదలిన కొవ్వు కాలేయము మున్నగు అవయవములలో పేరుకొని అచ్చట ఇన్సులిన్ మాట చెల్లకుండ చేయుననియు వారి వివరణ. మఱుసటి యేట కేంబ్రిడ్జి పండితులు తమ పరిసరమందలి ఫెన్‌లాండ్ సీమలో 10,000 మందికి పైగా జనుల రక్తమును తీసికొని, ఒక్కొక్కరియందు 4,700కు పైబడిన మాంసకృత్తులను కొలిచి, పరగడుపు చక్కెరయు మూడు నెలల షుగరును సరిగానే యుండి, గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు మాత్రము చక్కెర దిగని వారిని, అనగా వాడుక పరీక్షలకు చిక్కకుండ తప్పించుకొనువారిని, మూడే మూడు మాంసకృత్తుల సాయముతో మునుపటికంటె మేలుగా గుర్తింపవచ్చునని చూపిరి. 2023లో బ్రిటనుయొక్క 'యూకే బయోబ్యాంక్' నుండి దాదాపు 54,000 మంది రక్తమునందలి 2,900 మాంసకృత్తుల లెక్క వెలువడిన పిదప ఇట్టి పరిశోధనలకు అంతు లేకపోయినది. మన దేశమునను ఈ బాట క్రొత్తది కాదు; అడిపోనెక్టిన్ అను మాంసకృత్తు తక్కువగా నున్నవారికి మధుమేహము వచ్చు ప్రమాద మెక్కువ యని చెన్నపట్టణపు పరిశోధకులు 2003లోనే ప్రకటించి యున్నారు.

ఈ జోస్యమును నేను పరిహసింపను. చీమలు మూగిన మూత్రమును చూచి మధుమేహమును నిర్ణయించిన నాటినుండి, చక్కెర పెరుగక పూర్వమే, రోగి తాను రోగి కానున్నా నని యెఱుగక పూర్వమే నెత్తుటి బొట్టులో రాబోవు కాలమును చదువుట వఱకు మానవబుద్ధి నడచివచ్చినది. అది సామాన్యమైన నడక కాదు. నా సందేహమంతయు, ఎవరి నెత్తురును చూచి ఈ శాస్త్రమును వ్రాసిరి, ఎవరి నెత్తుటికి దానిని అన్వయింపబోవుచున్నారు అను నొక్క విషయమునందే యున్నది. జాతకము వ్రాయు సిద్ధాంతి పుట్టిన వేళతోపాటు పుట్టిన యూరును అడుగును. ఊరు మారినచో లగ్నము మారు నని అతడెఱుగును. యూకే బయోబ్యాంకులో నెత్తురిచ్చినవారు 2006 మొదలు 2010 వఱకు చేరిన, 40 నుండి 69 ఏండ్ల వయసుగల జనులు. వారిలో నూటికి తొంబదిమందికి మించి తెల్లజాతివారు. వారి తిండి వేఱు, వారి జ్వరములు వేఱు, వారి నడుము కొలతలు వేఱు. ఆ లెక్కనుండి పుట్టిన సూత్రమును బస్తరునందలి దంతెవాడ కొండమీది ముప్పదియైదేండ్ల మాడియా తెగ రైతునకు యథాతథముగా అన్వయింప వచ్చునా?

బస్తరు మనకు పరాయిసీమ కాదు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరు డన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు పోయి రాజ్యము నెలకొల్పెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ ప్రాచీనగాథ యటుండగా, నేటికిని భోపాలపట్నమునను, శబరి యొడ్డున కుంట ప్రాంతమునను తెలుగు వినబడుచునే యున్నది, దోర్లల పలుకుబడిలో తెలుగు కలసియే యున్నది. సుక్మా, బీజాపూరు జిల్లాల సరిహద్దు గ్రామములవారు, జ్వరము ముదిరిన వానిని మంచముపై మోసికొని బయలుదేరినచో, చేరునది తఱచుగా రాయపురము కాదు. భద్రాచలము, చర్ల, చింతూరు. 2005 తరువాత మావోయిస్టులకు ఎదురుగా లేచిన సల్వాజుడుం కల్లోలమున ఇల్లు వాకిళ్లు విడిచి గోదావరి కీవలి యడవులలో గుడిసెలు వేసికొన్నవారిని మనవారు గుత్తికోయ లనుచున్నారు. కావున బస్తరు నెత్తుటి సంగతి మన ఏజెన్సీ ఆసుపత్రుల సంగతియు నగును.

ఆ నెత్తురు తరతరములుగా మలేరియాతో పోరాడిన నెత్తురు. మలేరియా ప్రబలిన ప్రాంతములలో కొన్ని రక్తవికారములు నశింపక నిలిచియుండుటకు, అవి ఆ జ్వరమునుండి కొంత రక్షణ నిచ్చుటయే కారణమై యుండునని 1949లో జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ ఊహించెను. (ఈ మహానుభావుడే అనంతరము ఇంగ్లండును విడిచి భారతీయ పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను; బస్తరునకు ఆయన ఒక విధముగ పొరుగువాడే.) అయిదేండ్ల పిమ్మట ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయమున ఆ యూహ నిజమని నిరూపించెను. హిమోగ్లోబిన్ గొలుసులో ఆరవచోట నుండవలసిన యొక యమైనో ఆమ్లము మారుటయే ఆ వికారము. తల్లిదండ్రు లిరువురినుండియు అది సంక్రమించిన బిడ్డకు ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, నొప్పులతోడి జబ్బగును. ఒక్కరినుండి మాత్రమే సంక్రమించిన వాడు వాహకుడై, సాధారణముగా ఏ బాధయు లేక కాలము గడుపును. మధ్యభారతపు గోండు సమూహములలో ఇట్టి వాహకులు అరుదు కారు. బస్తరునందును, మన ఆదిలాబాదు, భద్రాచలము సీమలందును వారున్నారు.

ఇట్టి వాహకునికి మూడు నెలల షుగరు పరీక్ష చేసిన నేమగును? 2017లో అమెరికాలోని నల్లజాతీయుల విషయమున జరిగిన పరిశోధనలో, చక్కెర సమానముగానే యున్నను, సికిల్ వాహకుల హెచ్‌బీఏ1సీ ఇతరులకంటె సుమారు 0.3 తక్కువగా చూపునని తేలినది. 0.3 అనగా ఎంత యనవచ్చును. 6.5 చేరినచో మధుమేహమనియు, చేరనిచో కాదనియు గీత గీచియుంచిన చోట, 6.6 రావలసినవానికి 6.3 వచ్చినచో అతడు మందు లేకయే యింటికి పోవును, 5.7 దాటవలసినవాడు 5.5 దగ్గర నిలిచిపోయినచో అతనికి హెచ్చరికయు దక్కదు. అదే యేడాది వెలువడిన మఱియొక పరిశోధన, మలేరియా సీమలలోనే వ్యాపించిన జీ6పీడీ అను ఎఱ్ఱకణపు ఎంజైము లోపముగూడ ఈ యంకెను ఇంకను క్రిందికి లాగునని చూపినది. మలేరియా జ్వరము వచ్చి ఎఱ్ఱకణములు పగిలిపోయినపుడు, క్రొత్తకణములకు చక్కెర అంటుకొనుటకు వ్యవధి చాలక, అంకె దిగజారును. మఱియొకవంక ఇనుము కొఱవడిన రక్తహీనత యున్నచో అదే యంకె చక్కెర లేకయే పైకి పోవును. ఛత్తీస్‌గఢ్ స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనులు. ఒకటి క్రిందికి లాగుచు, వేఱొకటి మీదికి నెట్టుచు, రెండును ఒకే దేహమున నున్నపుడు కాగితముమీది అంకె దేనిని తెలుపుచున్నదో పరమేశ్వరునకే తెలియవలెను. ఒక్క మాంసకృత్తును, అదియు అర్ధశతాబ్దిగా నెఱిగినదానిని, బస్తరులో సరిగా చదువలేని మనము మూడువేల మాంసకృత్తుల జోస్యమునకు తొందరపడుట ఎట్టిదో పాఠకులే యోచింతురు గాక.

రెండవ చిక్కు ఇంతకంటె లోతైనది. షుగరు జబ్బన్న వెంటనే మన కన్నులకు కట్టునది బొజ్జ గల పట్టణవాసి. కృశించిన దేహమునను మధుమేహ ముండుట నేటి వింత కాదు. సుశ్రుతుడు ప్రమేహమును పుట్టుకతో వచ్చినదనియు అపథ్యముచే వచ్చినదనియు విభజించి, మొదటిదానివలన బాధపడువాడు కృశుడు, రెండవవాడు స్థూలుడు అని చెప్పి, చికిత్సయందును ఆ భేదమును పాటించెను. ఆధునిక వైద్యము ఈ కృశుని పలుమాఱులు చూచి పలుమాఱులు మఱచినది. 1955లో హ్యూజోన్స్ అను వైద్యుడు జమైకాలో ఇట్టివారిని గుర్తించెను. 1965లో బస్తరునకు పొరుగుననున్న ఒడిస్సాలో, కటకము వైద్యులు త్రిపాఠి, కార్ గారలు తమ రోగులలోను ఆ లక్షణములే కలవని వ్రాసిరి. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహార లోపముతో గూడిన మధుమేహమునకు తన వర్గీకరణమున ప్రత్యేకస్థాన మిచ్చి, ఆహారలోపమే కారణమనుటకు సాక్ష్యము చాలదని 1999లో ఆ స్థానమును తీసివేసినది. తరగతి పోయినను రోగులు పోలేదు. ఛత్తీస్‌గఢ్‌లోనే బిలాస్‌పూరు చెంత గనియారీ గ్రామమున, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చదివిన కొందఱు వైద్యులు నెలకొల్పిన జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రికి అడవిపల్లెలనుండి వచ్చెడి మధుమేహులలో బక్కచిక్కినవా రనేకులని అచ్చటి వైద్యులు ఏండ్ల తరబడి చెప్పుచునే యున్నారు. 2022లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారును న్యూయార్కు ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ కళాశాలవారును కలసి, ఇట్టి కృశులను పరిశీలించి, వారి వ్యాధి ఇన్సులిన్ పనిచేయకపోవుటవలన గాక ఇన్సులిన్ స్రవించుటయే కొఱవడుటవలన వచ్చుచున్నదనియు, వారి కాలేయమున కొవ్వును తక్కువయనియు తేల్చిరి. తుదకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభయందు అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనికి 'ఐదవ రకము' అని పేరు పెట్టినది. ప్రపంచమున రెండు, రెండున్నర కోట్లమంది ఇట్టివారుందురని ఆ సమాఖ్య అంచనా. ఈ వర్గీకరణమును ఒప్పుకొనని పండితులును కలరు. నాకు మాత్రము ఆ పేరే నచ్చలేదు: తల్లి కడుపునుండియు చాలీచాలని తిండితో పెరుగుటచే వచ్చిన జబ్బునకు అంకెను తగిలించినచో, దాని కారణము వినువాని చెవిని చేరకయే పోవును.

ఇపుడు మొదటి విషయమునకు మరలుదము. లుండ్ పండితుల ఫోలిస్టాటిన్ కథ యంతయు కొవ్వు కరగి కాలేయమునకు చేరుట చుట్టును నడచినది. కాలేయమున కొవ్వే తక్కువైన కృశుని విషయమున ఆ కథ నడచునని నమ్ముటకు ఆధార మేది? లెప్టిన్ అను మాంసకృత్తు ఒంటిలో కొవ్వు ఎంత యున్నదో అంతగా రక్తమున కానవచ్చును. బక్కవాని రక్తమున అది అత్యల్పమై యుండును. ఐజీఎఫ్‌బీపీ-2 అను వేఱొక మాంసకృత్తు తగ్గినవారికి మధుమేహప్రమాద మధికమని పాశ్చాత్యుల లెక్క చెప్పుచున్నది. పోషణ కొఱవడిన దేహమున నది స్వభావముచేతనే పెరుగును. శరీరమందలి తాపమును తెలుపు సీఆర్‌పీ మున్నగునవి మలేరియా సోకినను, క్షయ సోకినను పెరుగును. వీనినన్నిటిని కూడి తీసి లండనులో కట్టిన సూత్రము, బస్తరునకు వచ్చినపుడు, నిజముగా అపాయమున నున్న కృశుని క్షేమవంతుడని పంపివేసి, నిన్నటి జ్వరమునుండి తేఱుకొనుచున్న ఆరోగ్యవంతుని భయపెట్టునేమో యను అనుమానము నిష్కారణమైనది కాదు. ఇది నా యూహయే. కాని తప్పని చూపవలసిన భారము సూత్రమును అమ్మవచ్చువారిదే.

సులభమైన పాతపద్ధతులు ఈ దోషమునుండి విముక్తములని నేననను. చెన్నపట్టణమువారు 2005లో కూర్చిన భారతీయ మధుమేహ ప్రమాద పట్టిక వయస్సు, నడుము కొలత, శరీరశ్రమ, తల్లిదండ్రులకు జబ్బు గలదా అను నాలుగు సంగతులతో నూటికి మార్కులు వేయును. నెత్తురు తీయక, కొలత టేపుతోనే పని జరుగును గనుక పట్టణములలోను మైదానపు పల్లెలలోను అది యెంతయో మేలు చేసినది. బస్తరు రైతునకు నడుము సన్నము, శ్రమ యధికము. తల్లిదండ్రులకు షుగరు గలదా యని యడిగినచో లేదనును, ఏలయనగా వారికి బ్రతికినన్నినాళ్లు ఎవరును పరీక్ష చేసి యెఱుగరు. పరీక్షింపబడని తండ్రి పట్టికలో ఆరోగ్యవంతుడై నిలుచును. దారిద్ర్యము ఈ విధముగ సున్న మార్కులను సంపాదించుకొని, తనకు ప్రమాదమే లేదని ధ్రువపత్రము పొందును.

కావున బస్తరు నెత్తురును బస్తరులోనే చదివి, బస్తరునకు తగిన సూత్రమును కట్టవలెను. జగ్దల్‌పూరునందు బలిరాం కశ్యప్ స్మారక వైద్యకళాశాల కలదు. అచ్చటి వైద్యులకు ఈ వ్యాధుల కలగాపులగము నిత్యానుభవము. మాంసకృత్తుల లెక్కకు నెత్తుటినుండి రక్తరసమును వెంటనే వేఱుచేసి అతిశీతలమున దాచవలసి యుండును. అది కష్టమే గాని, టీకాలను అబూజ్‌మాడ్ కొండలకు మోసినవారికి అసాధ్యము కాదు. 2023 డిసెంబరులో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పదివేలమంది భారతీయుల ఆరోగ్యమును దీర్ఘకాలము గమనించుటకు 'ఫినోమ్ ఇండియా' అను కార్యమును ప్రారంభించినది. స్వాగతింపదగిన కార్యమే. అందు చేరినవారు ఎక్కువగా ఆ మండలి ఉద్యోగులును వారి కుటుంబములవారును. విలాయతి నెత్తురుకంటె అది మనకు దగ్గఱిదే గాని, తెల్లవారుజామున మడియా పేజ్ అను రాగి అంబలి త్రాగి ఇప్పపూలకు అడవికి పోవువాని నెత్తురు మాత్రము కాదు.

నెత్తురు తీయుటయందును ధర్మమొకటి కలదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయనందు నివసించు హవాసుపాయ్ జాతివారు, తమలో మధుమేహ మేల ఇంతగా ప్రబలినదో తెలియునను ఆశతో, 1990 మొదలుకొని ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు నెత్తురిచ్చిరి. ఆ నెత్తురుతో తమ యనుమతి లేకయే మనోవ్యాధులను గూర్చియు, తమ పూర్వులు ఎచ్చటినుండి వచ్చిరను దానిని గూర్చియు పరిశోధనలు జరిగినవని తెలిసికొని వారు న్యాయస్థానమున కెక్కిరి. 2010లో విశ్వవిద్యాలయము ఏడులక్షల డాలర్లిచ్చి, మిగిలిన నెత్తుటిని తిరిగి వారికే అప్పగించినది. ఆ నెత్తుటిని తమ లోయకు కొనిపోవుటకై ఆ జాతివారు పడిన ఆరాటమును తలచినపుడు, నెత్తురు మన ప్రయోగశాలవారి భాషలో 'శాంపిలు' మాత్రమే యైనను ఇచ్చినవానికి అట్లు కాదని తెలియును. ఎన్నో యేండ్లుగా తుపాకుల నడుమ బ్రదికిన బస్తరు గ్రామములలో, ప్రభుత్వపు జీపులో వచ్చి చేయి చాచుమనువానిని నమ్ముట మఱింత కష్టము. ఆ నెత్తురుతో నేమి చేయుదురో గోండీలో, హల్బీలో, దోర్లీలో చెప్పవలెను. ఫలితమును పల్లెకు తిరిగివచ్చి చెప్పవలెను. జబ్బు రానున్నదని తేలినవానికి మందునకును తిండికిని బాధ్యత వహింపవలెను. ఈ మూడవది లేని జోస్యమును శాపమనుటయే న్యాయము.

ఆ పరిశోధన జరుగునంతవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. 2019 అక్టోబరు 2వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము సంతలలోనే వైద్యశాలలు నడుపు పథకమును ఆరంభించినది. ఈ పథకమును చూచినపుడు, ఎవరు పన్నిరో గాని, ఆ సీమను ఎఱిగినవారే పన్నిరని నా కనిపించును. లోహండీగుడా సంతకో తోకాపాల్ సంతకో క్రోసులకొలది నడచి వచ్చినవారు ప్రొద్దు వాలువఱకు అచ్చటనే యుందురు, చింతపండు అమ్ముకొందురు, ఉప్పు కొందురు, చుట్టములను కలసికొందురు, సల్ఫీ కల్లు త్రాగుదురు. కేంబ్రిడ్జి పండితులు మూడు మాంసకృత్తులను వెదకుటకు ప్రధానహేతువు, గ్లూకోజు త్రాగించి రెండు గంటలు కూర్చుండబెట్టు పరీక్ష అచ్చటి తీరికలేని జనులకు అసౌకర్య మగుటయే గదా! ఆ రెండు గంటలు సంతలో లెక్కకు రావు. గర్భిణుల విషయమున మన కేంద్ర ఆరోగ్యశాఖ 2014లోను మరల 2018లోను ఇచ్చిన సూచనల ప్రకారము, పరగడుపుతో నిమిత్తము లేకయే 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటలకు చక్కెర 140 చేరినదా లేదా యని చూచిన చాలును. ఇది హిమోగ్లోబిన్ వికారములకు లోబడని పరీక్ష. కావలసినవి గ్లూకోజు పొట్లము, నీళ్లు, గడియారము, వ్రేలిచుక్కను చదువు చిన్న యంత్రము. 2002నుండి ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పనిచేయుచున్న మితానిన్‌లను గ్రామ ఆరోగ్య కార్యకర్తలు తమ గ్రామపు గర్భిణులను సంతనాడు వెంటబెట్టుకొని రాగలరు. గర్భమందు చక్కెర పెరిగిన తల్లికి ఆ పిమ్మట మధుమేహము వచ్చు ప్రమాదము గలదు, బిడ్డకును గలదు. ఇంతకంటె ముందుచూపు గల పరీక్ష మఱియేది?

తల్లి తిండి మాట వచ్చినది గనుక, మన హైదరాబాదులో జరిగిన యొక పరిశోధనను చెప్పక విడువలేను. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములలో, జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యమున, 15 గ్రామముల గర్భిణులకును పసిపిల్లలకును మాంసకృత్తులతో గూడిన ఆహారము వడ్డింపబడినది. 14 గ్రామములలో ఆ యేర్పాటు అప్పటికి లేదు. ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారైన పిదప మరల పరీక్షింపగా, తిండి యందిన గ్రామముల పిల్లలయందు ఇన్సులిన్‌ను దేహము ఎదిరించు గుణము నూటికి ఇరువది పాళ్లు తక్కువగా నుండెనని 2008లో ప్రకటింపబడినది. వారు కొంచెము పొడవుగాను ఎదిగిరి, వారి రక్తనాళములును మెత్తగా నుండెను. ఇది ఏ మహాయంత్రముచేతను సాధింపబడలేదు. అంగన్‌వాడీ పళ్లెములో కూర్చిన తిండిచే సాధింపబడినది. మాంసకృత్తులను నెత్తుటిలో లెక్కించుటకు వ్యయింపదలచిన ధనములో కొంతభాగమును పళ్లెములోనికి మరలించినచో లెక్కింపవలసిన రోగులే తగ్గుదురేమో యను ఆలోచన, ఆర్థికశాఖవారికి తట్టకపోయినను, వైద్యులకు తట్టవలసినది. చౌకబియ్యము బస్తరు ఆకలిని తగ్గించినది, దానిని నిందించువాడను కాను. కాని అరికెలు, సామలు, రాగులు తిను పళ్లెము క్రమముగా తెల్లబియ్యపు పళ్లెమగుట మంచిదికాదని తెలిసియే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2021లో చిరుధాన్యములకు మద్దతు ధర నిచ్చు కార్యమునకు పూనుకొనినది. దానికి పప్పును, గ్రుడ్డును తోడు కావలెను.

చివరగా మిక్కిలి చిన్న పని యొకటి. 2023 జూలై 1న మధ్యప్రదేశపు శహడోలునందు ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద, నలువదేండ్ల లోపు వయసుగల ఏడుకోట్లమందిని పరీక్షించుట లక్ష్యము. పరీక్షింపబడినవారికి తమ రక్తస్థితిని తెలుపు కార్డు నిత్తురు. అది ముఖ్యముగా పెండ్లిసంబంధముల విషయమున ఉపయోగపడుటకై యుద్దేశింపబడినది. అదే కార్డుపై, వాహకులకును రోగులకును, 'ఈతనికి షుగరును హెచ్‌బీఏ1సీతో నిర్ణయింపరాదు, గ్లూకోజుతోనే చూడవలెను' అని హిందీలోను, సరిహద్దు జిల్లాలకై తెలుగులోను ఒక పంక్తి అచ్చువేయించినచో, ఆ కార్డును చేతబట్టుకొని భద్రాచలముననో జగ్దల్‌పూరుననో నిలిచిన రోగి విషయమున, ఎన్నడును బస్తరును చూడని క్రొత్త వైద్యుడు సైతము పొరబడడు. కార్డులు ఇంకను అచ్చగుచునే యున్నవి. ఆ నమూనాను సవరించు అధికారము ఢిల్లీలో నున్నదో రాయపురములో నున్నదో గాని, ఎవరి బల్లమీద నున్నను ఈ పని ఈ యేడాదిలోనే కాదగినది.